ఫిర్యాదు పరిష్కరించామని సందేశం వచ్చింది, ఇంట్లో మాత్రం ఎర్ర లైటు అలాగే ఉంది

తెనాలి గణితం టీచర్ | జూన్ 26, ఉదయం 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను తెనాలిలో ఉంటాను. చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, గత నాలుగేళ్లుగా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థుల్లో సగం మంది డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ల పిల్లలు. వాళ్లకు సాయంత్రం ఏడు గంటలయ్యేసరికి మనకు మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర అవుతుంది. అందుకే ఇంట్లో నెట్ లేకపోవడమంటే నాకు ఆ రోజు బడి లేకపోవడమే.

మార్చిలో ఆరు నెలలకు ఒకేసారి డబ్బు కట్టి కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాను. నెలకు 599 రూపాయల ప్లాన్, 100 ఎంబీపీఎస్ వేగం. 18 శాతం జీఎస్టీ కలుపుకొని మొత్తం 4,241 రూపాయలు. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు, ఆ మాట కూడా చెప్పాలి. జూన్ 18 సాయంత్రం ఈదురుగాలితో పెద్ద వాన కురిసింది. కరెంటు గంటసేపు పోయి వచ్చింది. వచ్చాక చూస్తే ఇంట్లోని నెట్ పెట్టె మీద ఎప్పుడూ పచ్చగా వెలిగే లైటు ఆరిపోయి, పక్కనున్న ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఈ తొమ్మిది రోజులుగా అది అలాగే కొట్టుకుంటోంది.

అదే రాత్రి ఫిర్యాదు ఇచ్చాను. నంబరు వచ్చింది, 24 గంటల్లో బాగుచేస్తామన్నారు. మర్నాడు సాయంత్రం "మీ సమస్య పరిష్కరించబడింది, ధన్యవాదాలు" అని సందేశం వచ్చింది. మా ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. రెండోసారి ఫిర్యాదు ఇచ్చాను. రెండు రోజుల తరువాత అక్షరం మారకుండా అదే సందేశం వచ్చింది. మూడోసారీ అంతే. కస్టమర్ కేర్ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది, పెట్టె ఆపి మళ్లీ వేయమంటుంది, వేస్తాను, ఎర్ర లైటు మళ్లీ వస్తుంది. ప్రస్తుతం ఫోన్ హాట్‌స్పాట్ మీద పాఠం నడుపుతున్నాను. రోజుకు వచ్చే 2 జీబీ రెండో పాఠం మధ్యలోనే అయిపోతోంది. నిన్న భిన్నాల కూడిక చెబుతూ ఉండగా నా బొమ్మ ఆగిపోయింది. తిరిగి కలిసేసరికి పిల్లలు వెళ్లిపోయారు.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. కంపెనీ తరఫున ఊళ్లో నెట్ ఇచ్చే పంపిణీదారు ఊరూరికీ మారతాడు కాబట్టి నా అనుభవాన్ని పట్టుకొని ఇంకో ఊళ్లో మంచి సేవ ఇస్తున్నవారిని అనుమానించడం సరికాదు. నేను తెలుసుకోవాలనుకునేది రెండే. ఈ ఎర్ర లైటు ఏం చెబుతోంది? బాగుకాని ఫిర్యాదును బాగయిందని మూసేస్తే ఎక్కడికి వెళ్లాలి?

స్ప్లైసింగ్ పనివాడు | జూన్ 26, మధ్యాహ్నం 1:35

నమస్కారం మేడమ్. పన్నెండేళ్లుగా ఫైబర్ తీగలు అతికే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన ఎర్ర లైటును ఎల్‌ఓఎస్ లైటు అంటాము. ఎక్స్ఛేంజీ వైపు నుంచి రావలసిన వెలుగు మీ పెట్టెకు చేరడం లేదని దాని అర్థం. రూటరు పాడైనా, పాస్‌వర్డ్ మారినా, రీఛార్జి అయిపోయినా ఆ లైటు అలా కొట్టుకోదు. పెట్టెను వంద సార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే లోపం పెట్టెలో లేదు, దారిలో ఉంది.

ఆ తీగలో వెలుగు ప్రయాణించే గాజు నడిమి భాగం 9 మైక్రాన్లు మాత్రమే, తల వెంట్రుక మందంలో చిన్న వంతు. తీగ తెగిపోనక్కరలేదు, కిటికీ రెక్క కింద నలిగినా, మేకు దగ్గర గట్టిగా మడత పడినా వెలుగు ఆ మడతలోంచి బయటికి జారిపోతుంది. మామూలు పెట్టెలు సుమారు మైనస్ 27 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే లెక్క) వరకు బలహీనమైన వెలుగును అందుకోగలవు. అంతకంటే తగ్గితే ఎర్ర లైటే.

మీరు రెండు పనులు చేయండి. మొదటిది, పెట్టె వెనుక ఆకుపచ్చ మూతి ఉన్న సన్నని వైరు వదులుగా ఉందేమో చూసి, టిక్కుమనేదాకా నొక్కండి. దాన్ని ఊడదీసి కొనలోకి కంటితో చూడకండి, వేలితో తాకకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు కానీ కంటికి మంచిది కాదు, వేలి జిడ్డు అంటితే సిగ్నల్ పడిపోతుంది. అక్కడి నుంచి వైరు వెంట గోడ, కిటికీ, మేడ మీదుగా స్తంభం దాకా చూపు సాగించండి. రెండోది ఇంకా ముఖ్యం. మీ వీధిలో అదే కంపెనీ కనెక్షన్ ఉన్న ఇళ్లను అడగండి. మీ ఒక్క ఇంటికే పోతే స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే తీగలో లోపం. అందరికీ పోతే స్తంభం మీది పెట్టెలోనో, దానికంటే పైనో లోపం. ఒకే తీగలో వచ్చిన వెలుగును స్ప్లిట్టర్ అనే చిన్న పరికరం ఎనిమిది ఇళ్లకో, పదహారు ఇళ్లకో పంచుతుంది. దాని తల్లి తీగ దెబ్బతింటే ఇళ్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

విశాఖ విశ్రాంత టెలికాం ఉద్యోగి | జూన్ 26, సాయంత్రం 6:20

అమ్మా, నీ రాత చదివి మనసు కష్టపడింది. నేను ముప్పై మూడేళ్లు టెలిఫోన్ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ని. మా రోజుల్లో ఫోన్ పనిచేయకపోతే 198కి చెప్పేవారు, లోపం పుస్తకంలోకి ఎక్కేది. లైన్‌మన్ స్తంభం దిగి "అయిపోయింది" అన్నంత మాత్రాన మేము దాన్ని కొట్టేసేవాళ్లం కాదు. టెస్ట్ డెస్క్ నుంచి ఆ నంబరుకు ఫోన్ చేసి, అవతల చందాదారు "హలో" అన్నాక, "వినపడుతోందా అండీ" అని అడిగి, వినపడుతోందని ఆయన నోటితో చెప్పిన తరువాతే ఆ వరుస మీద గీత పడేది. రాగి తీగల్లో వాన నీరు చేరి గరగరలాడే రోజుల్లో ఒక్కో జతకు మూడేసి సార్లు అలా చేసేవాళ్లం.

మా శాఖ సేవ అంతా బంగారమని చెప్పను. నెలల తరబడి మూగబోయిన ఫోన్లు, కనెక్షన్ కోసం ఏళ్ల నిరీక్షణ నాకు బాగా తెలుసు, ప్రజల మాటలు పడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖ మీద విరుచుకుపడిన తరువాత స్తంభాలే లేని వీధుల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయాము. అయినా ఏ ఇంటికి పని అయింది, ఏ ఇంటికి కాలేదు అన్న లెక్క మాత్రం నిజంగా ఉండేది. ఆలస్యాన్ని మనిషి ఓర్చుకుంటాడమ్మా. కాని పనిని అయిందని చెబితే, తన ఇంట్లో తన కళ్లెదుట ఉన్నదాన్ని ఎవరో కాదన్నట్లు ఉంటుంది. నీ బాధ అదేనని నాకు అర్థమైంది.

తెనాలి గణితం టీచర్ | జూన్ 27, ఉదయం 7:45

ఇద్దరికీ కృతజ్ఞతలు. బాబాయి గారూ, మీరు చెప్పిన మాట నాకు ఊరటనిచ్చింది.

నిన్న సాయంత్రం మా అబ్బాయిని వెంటబెట్టుకొని వీధంతా తిరిగాను. మా వీధిలో ఇదే కంపెనీ కనెక్షన్ ఏడు ఇళ్లకు ఉంది. అందులో ఐదు ఇళ్లకు, మాతో కలిపి, జూన్ 18 సాయంత్రం నుంచే లేదు. మిగిలిన రెండు ఇళ్లు మూల మలుపు దాటాక ఉన్నాయి, వాటికి వేరే స్తంభం నుంచి వస్తుందట, వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఐదు ఇళ్లలో నలుగురు ఫిర్యాదు ఇచ్చారు. నలుగురికీ పరిష్కరించామనే సందేశాలు వచ్చాయి. ఐదో ఇంట్లో ఉండే పెద్దావిడ మనవడు వచ్చినప్పుడే నెట్ వాడుతుంది కనుక ఆమెకు సంగతే తెలియదు.

మా వైరును చివరిదాకా చూశాము. కిటికీ దగ్గర, మేడ గోడ దగ్గర బాగానే ఉంది. వేపచెట్టు దాటి స్తంభం దగ్గరకు వెళ్లి పైకి చూస్తే అక్కడ నల్లని చిన్న పెట్టె ఒకటి మూత లేకుండా వేలాడుతోంది. మూత కింద కాలవ గట్టున పడి ఉంది. లోపల తెల్లని సన్నని తీగలు గాలికి ఊగుతున్నాయి. అబ్బాయి కిందినుంచే ఫోటో తీశాడు. మేము దేనినీ ముట్టుకోలేదు.

స్ప్లైసింగ్ పనివాడు | జూన్ 27, ఉదయం 11:05

మీరు చెప్పింది వింటే లోపం అక్కడే ఉందని నమ్మకంగా చెప్పగలను. ఆ నల్ల పెట్టెను మేము జాయింట్ పెట్టె అంటాము. లోపల తీగలను గుండ్రంగా చుట్టి ఒక పళ్లెంలో అమరుస్తాము. ఆ చుట్టు సడలి తీగ పెట్టె అంచుకు తగిలి మడత పడినా, అతుకు ఊడినా వెలుగు ఆగిపోతుంది. అతికే యంత్రం ఉన్నవాడు నిచ్చెన వేస్తే గంట, గంటన్నర పని. ముట్టుకోకపోవడం మంచి పని చేశారు, అదే స్తంభం మీద కరెంటు తీగలు కూడా ఉంటాయి.

మూసేయడం గురించి అడిగారు కనుక లోపలి సంగతి చెబుతాను. ఫిర్యాదు పంపిణీదారు దగ్గరకు రాగానే గడియారం మొదలవుతుంది. గడువు దాటితే అతనికి రావలసిన డబ్బులో కోత పడుతుంది. కుర్రవాడు ఒక్కడు, ఫిర్యాదులు ఇరవై. గడువు దాటేలా ఉంటే కొందరు దాన్ని మూసేసి, వినియోగదారు మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరుతో కొత్త గడియారం మొదలవుతుందని ఊరుకుంటారు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఇలా జరగడం కళ్లారా చూశాను, అందులో నా చేయి కూడా ఉంది, అది తప్పని ఇప్పుడు తెలుసు. పై అధికారి కంప్యూటరులో చూస్తే మీ ఇంటికి మూడు వేర్వేరు లోపాలు వచ్చి మూడూ ఒక్క రోజులోనో రెండు రోజుల్లోనో బాగైనట్లు కనిపిస్తుంది. తొమ్మిది రోజుల ఒకే లోపం అని ఎక్కడా కనిపించదు.

కొన్ని సంస్థలు పని అయ్యాక వినియోగదారు చెప్పే ఓటీపీ లేకుండా ఫిర్యాదు మూయనీయవు. అలాంటి చోట "ఓటీపీ చెప్పండి, సాయంత్రం వచ్చి చేస్తాము" అని ఫోన్ చేస్తే ఎవరూ చెప్పకండి. పచ్చ లైటు వెలిగి, మీ ఫోన్‌లో ఒక పేజీ తెరుచుకున్నాకే చెప్పండి.

భీమవరం వైపు కేబుల్ ఆపరేటర్ | జూన్ 27, రాత్రి 9:50

అందరూ పంపిణీదారును దొంగలా చూస్తున్నారు కనుక నా వైపు మాట కూడా వినమని కోరుతున్నాను. మాది మూడు గ్రామాలు, నాలుగు వందల ఇరవై కనెక్షన్లు. నేనూ, మా తమ్ముడూ, ఒక కుర్రవాడూ. అతికే యంత్రం ఒక్కటే. కాలవ పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ తీగను లాగేస్తుంది, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు స్తంభం మార్చేస్తారు, కొబ్బరి మట్ట పడి తెగుతుంది, ఉడతలు కొరుకుతాయి. రాష్ట్రంలో ప్రభుత్వ ఫైబర్ వచ్చినప్పుడు కూడా తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. 2017 డిసెంబరులో దాన్ని ప్రారంభించి నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నప్పుడు మా ఊళ్లో జనం బారులు తీరారు. భూమిలో వేస్తే ఖర్చు, పైన వేస్తే గాలివాన. జనం అడిగే ధర తక్కువ, ఆ ధరలో నాకు మిగిలేది తక్కువ.

ఇదంతా చెప్పిన తరువాత, బాగుచేయకుండా మూసేయడం మాత్రం నేను సమర్థించను. మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాము. పెద్ద లోపం వస్తే ఆ స్తంభం మీద ఆధారపడ్డ ఇళ్ల వాట్సాప్ గుంపులో "ఫలానా చోట తీగ తెగింది, రేపు మధ్యాహ్నానికి అవుతుంది" అని నిజం రాసేస్తాము. తిట్టేవాళ్లు తిడతారు, కాని ఎవరూ కనెక్షన్ మానలేదు. టీచరు గారూ, మీ ఊరి ఆపరేటరు ఇల్లు తెలిస్తే ఆ ఫోటో తీసుకొని నేరుగా వెళ్లి చూపించండి. చాలాసార్లు మాకు ఇంటి ఫిర్యాదు తెలుస్తుంది కాని స్తంభం మీద మూత ఊడిందని తెలియదు.

కూకట్‌పల్లి ఐటీ ఉద్యోగి | జూన్ 28, ఉదయం 10:15

ఆపరేటరు గారి మాటలో నిజాయితీ ఉంది, గౌరవిస్తున్నాను. అయితే ఒక విషయంలో విభేదిస్తాను. స్తంభం ఎక్కి చూడవలసిన పని వినియోగదారుది కాదు. ఐదు ఇళ్లు ఒకే నిమిషంలో ఆగిపోతే ఆ సంగతి సంస్థ కంప్యూటరులో అప్పటికప్పుడే కనిపిస్తుంది. దాన్ని ఇంటింటికీ విడి ఫిర్యాదుగా చూడడమే ఇక్కడి మూల లోపం.

హైదరాబాదులో మా అనుభవం వేరు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద చిక్కుపడి ఉన్న కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల కంటే నెట్ ముఖ్యం కాదు, ఆ తీగల గుట్టలు తీయవలసినవే. కాని ఇంటి నుంచి పనిచేసే మాలాంటివాళ్లకు ఎప్పుడు వస్తుందో చెప్పే దిక్కు లేకపోయింది. అప్పుడు కూడా నాకు "పరిష్కరించబడింది" అనే సందేశమే వచ్చింది.

ఇంకొక మాట, వేగం తక్కువగా ఉందని ఫిర్యాదు ఇచ్చేవారికి. నాకు 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి 40 మాత్రమే వస్తున్నప్పుడు మూడు నెలలు సంస్థతో పోట్లాడాను. చివరికి తప్పు నాదేనని తేలింది. ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉంది, పెట్టెను ఇనుప బీరువా వెనుక పెట్టాము. అప్పటి నుంచి ల్యాన్ వైరుతో ల్యాప్‌టాప్‌ను నేరుగా కలిపి, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలిచి, తేదీతో తెరచిత్రం తీసి పెట్టుకుంటున్నాను. వైరుతో కొలిచిన అంకె చూపిస్తే "మీ వైఫై బాగాలేదు" అని పక్కకు తప్పించే వీలు వాళ్లకు ఉండదు. ఆ వైరు కూడా ఎనిమిది తీగలదై ఉండాలి. నాలుగు తీగలే కలిసి ఉంటే 100 దాటదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అంటే ఫైలు దిగేటప్పుడు కనిపించే లెక్కలో పన్నెండున్నర మెగాబైట్లు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మోసం జరిగిందనుకుంటారు.

హనుమకొండ గృహస్థు | జూన్ 28, మధ్యాహ్నం 12:40

నాది కనెక్షన్ మూసేసిన తరువాతి కథ. ఇల్లు మారుతూ ఏడాది ప్లాన్‌లో మిగిలిన నాలుగు నెలల డబ్బు, పెట్టె మీద కట్టిన డిపాజిట్టు తిరిగి ఇమ్మని అడిగాను. పెట్టె తీసుకుపోవడానికి కుర్రవాడు వచ్చాడు, నేను ఇచ్చేశాను, రసీదు అడగలేదు. రెండు నెలల తరువాత పెట్టె తిరిగి అందలేదని, దాని వెల నేనే కట్టాలని బిల్లు వచ్చింది. అదృష్టవశాత్తు మా గేటు దగ్గరి సీసీ కెమెరాలో అతను పెట్టె పట్టుకొని వెళ్లడం నమోదై ఉంది. అది పంపిన తరువాతే వదిలిపెట్టారు. పెట్టె ఇచ్చేటప్పుడు వెనుక ఉన్న సీరియల్ నంబరు ఫోటో, తీసుకున్నవారి సంతకం తప్పకుండా ఉంచుకోండి.

గుంటూరు న్యాయవాది | జూన్ 28, సాయంత్రం 5:30

టీచరు గారి రెండో ప్రశ్నకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి సంస్థకూ రెండు మెట్లు ఉండాలి. మొదటిది ఫిర్యాదు కేంద్రం. అది మీకు నంబరు ఇవ్వాలి, మీరు ఇప్పటికే ఆ మెట్టు మూడుసార్లు ఎక్కారు. రెండోది అప్పీలు అధికారి. ఫిర్యాదు తీరకపోయినా, తీరిన తీరు మీకు నచ్చకపోయినా 30 రోజుల్లోగా ఆ అధికారికి అప్పీలు చేయవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లోగా ఆయన తేల్చాలి. ఆ అధికారి చిరునామా, ఈమెయిలు సంస్థ వెబ్‌సైటులో ఉండి తీరాలి, సాధారణంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తారు. ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు, సంస్థకే పంపుతుంది. అప్పీలు తరువాత కూడా తేలకపోతే కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఏ దశలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఇక వినియోగదారుల కమిషన్. టెలిఫోన్ వివాదాలు పాత టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికే వెళ్లాలని సుప్రీంకోర్టు 2009లో చెప్పడంతో చాలా కాలం ఈ కేసులను కమిషన్ల గడప దగ్గరే తిప్పి పంపేవారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఒక ప్రైవేటు టెలికాం సంస్థ కేసులో ఆ అడ్డు లేదని, వినియోగదారుడు కమిషన్‌కు వెళ్లవచ్చని స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సంస్థ కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల వరకు ఉంటే కోర్టు రుసుము లేదు. రెండేళ్లలోగా వేయాలి. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నేను వకీలునై ఉండి ఈ మాట చెబుతున్నాను, 4,241 రూపాయల వివాదానికి వకీలు ఫీజు కట్టనవసరం లేదు.

అద్దె (నెలవారీ ప్లాన్ డబ్బు) మినహాయింపు చాలామంది అడగని హక్కు. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లోనే లోపం మూడు పనిదినాలు దాటితే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలని రాశారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి కనుక లేఖలో వాటి పాఠం చూసుకొని రాయండి. అయితే ఈ లెక్క మొత్తం లోపం ఎన్ని రోజులు నిలిచిందన్న దాని మీదే ఆధారపడుతుంది. స్ప్లైసింగ్ మిత్రుడు చెప్పినట్లు ఒకే లోపాన్ని మూడు ముక్కలు చేస్తే ఏ ముక్కా గడువు దాటదు. అందుకే మీ అప్పీలులో మొట్టమొదటి వాక్యం ఈ మూడు నంబర్లూ ఒకే లోపానివని చెప్పాలి.

తెనాలి గణితం టీచర్ | జూన్ 28, రాత్రి 8:55

మీరందరూ చెప్పినదాన్ని బట్టి ఈ సాయంత్రం అప్పీలు అధికారికి ఈమెయిలు పంపాను. ఇంకెవరికైనా పనికివస్తుందని దాని పాఠం ఇక్కడ పెడుతున్నాను.

"అయ్యా, ఈ కింద రాసిన మూడు ఫిర్యాదు నంబర్లూ జూన్ 18 సాయంత్రం మొదలై నేటికీ కొనసాగుతున్న ఒకే లోపానికి సంబంధించినవి. మూడింటినీ పరిష్కరించినట్లు మీ సంస్థ నాకు సందేశాలు పంపింది. ఆ మూడు సందేశాలు వచ్చిన సమయాల్లో నా పెట్టె మీద ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు వెలుగుతున్న ఫోటోలను జతచేస్తున్నాను. మీ సిబ్బంది ఎవరూ మా ఇంటికి రాలేదు. ఇదే స్తంభం మీద ఆధారపడిన మరి నాలుగు ఇళ్లకు కూడా అదే సాయంత్రం నుంచి సేవ లేదు. వారి సంతకాలు జతచేస్తున్నాను. స్తంభం మీది జాయింట్ పెట్టె మూత లేకుండా ఉన్న ఫోటో కూడా ఉంది. లోపాన్ని సరిచేయవలసిందిగా, మూడు ఫిర్యాదుల మూసివేతను రద్దు చేసి జూన్ 18 నుంచి ఒకే లోపంగా నమోదు చేయవలసిందిగా, సేవ లేని రోజులకు నిబంధనల ప్రకారం అద్దె తగ్గించవలసిందిగా, ఈ మూడింటినీ నాకు లిఖితంగా తెలపవలసిందిగా కోరుతున్నాను."

ఫోటోలు ఉండడానికి కారణం మా అబ్బాయి. సందేశం వచ్చిన ప్రతిసారీ నా ఫోన్‌లో ఆ సందేశాన్ని తెరిచి, దాన్ని ఎర్ర లైటు పక్కన పట్టుకొని తన ఫోన్‌తో బొమ్మ తీశాడు. అప్పుడు ఎందుకురా అన్నాను. పెద్దావిడ సంతకం కోసం వెళ్తే ఆమె కళ్లజోడు వెతుక్కొని, మొత్తం చదివించుకొని, "నాకు అవసరం లేకపోయినా నీకు పాఠం ఉంది కదమ్మా" అని సంతకం పెట్టింది. ఆపరేటరు గారు చెప్పినట్లు స్థానిక కార్యాలయానికి కూడా వెళ్లి ఫోటో చూపించాను. అక్కడున్నాయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తన దగ్గర మా వీధి పేరు మీద పెండింగు ఏదీ లేదని తెర తిప్పి చూపించారు.

విశాఖ విశ్రాంత టెలికాం ఉద్యోగి | జూన్ 29, ఉదయం 6:50

అమ్మా, "మూసివేతను రద్దు చేసి" అన్న మాట రాయడం చాలా బాగుంది. డబ్బు ఇచ్చి ఊరుకుంటే ఆ లెక్క తప్పుగానే మిగిలిపోతుంది. దాన్ని మాత్రం వదలకు.

తెనాలి గణితం టీచర్ | జూలై 5, మధ్యాహ్నం 3:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. జూన్ 29 మధ్యాహ్నం ఇద్దరు మనుషులు నిచ్చెనతో వచ్చారు. కొత్త జాయింట్ పెట్టె బిగించారు. తల్లి తీగ పాత పెట్టె అంచు దగ్గర మడత పడి ఉందట, అక్కడ కత్తిరించి మళ్లీ అతికారు. ఆ యంత్రం చిన్న తెర మీద రెండు గాజు పోగులు ఎదురెదురుగా వచ్చి, చిన్న మెరుపుతో ఒకటైపోవడం కింద నిలబడ్డ మాకు చూపించారు, అబ్బాయి కళ్లార్పకుండా చూశాడు. తరువాత ఇంట్లోకి వచ్చి ఆకుపచ్చ మూతిని తుడిచి, మీటరు పెడితే మైనస్ 21.4 అని వచ్చింది. పచ్చ లైటు వెలిగింది. ఐదు ఇళ్లకూ వచ్చింది. వాళ్లిద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపాను, వాళ్ల తప్పేమీ లేదు.

జూలై 3న అప్పీలు అధికారి కార్యాలయం నుంచి ఈమెయిలు వచ్చింది. ప్లాన్ గడువును పదిహేను రోజులు పొడిగించారు, ఐదు ఇళ్లకూ. మూడు ఫిర్యాదులను ఒకే లోపంగా నమోదు చేయడం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఆ ఒక్క విషయం మీద మళ్లీ రాశాను, అప్పీలు గడువు ఇంకా ఉంది. సమాధానం వచ్చాక ఇక్కడ చెబుతాను. ఈ ఉదయం ఐదున్నరకు భిన్నాల కూడిక మొదటినుంచి మళ్లీ చెప్పాను.

స్ప్లైసింగ్ పనివాడు | జూలై 5, రాత్రి 10:00

మేడమ్, ఆ మైనస్ 21.4 అంకెను తేదీతో సహా చిన్న కాగితం మీద రాసి పెట్టె అడుగున అంటించండి. కార్తీకం వెళ్లాక, వానలు పూర్తిగా తగ్గిన తరువాత, ఎవరైనా పని మీద మీ వీధికి వస్తే మరోసారి మీటరు పెట్టమనండి. మైనస్ 25 దగ్గరకు పడిపోయి ఉంటే నెట్ పనిచేస్తున్నా సరే అప్పుడే ఫిర్యాదు ఇవ్వండి. ఎర్ర లైటు వచ్చేదాకా ఆగకండి.